575 పెద్దదా, 614 పెద్దదా?

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవులు చిన్నూకి, బుజ్జికి, తాతయ్య ఆశీస్సులు.

మొన్న భోజనాల దగ్గర ఫార్ములా వన్ కారు రేసుల మీద మీ ఇద్దరికీ పడ్డ గొడవ తలుచుకుని అమ్మమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. వెర్‌స్టాపెన్ 2023 ఒక్క సీజన్‌లోనే 575 పాయింట్లు కొట్టాడు, తాతయ్య నెత్తిన పెట్టుకునే పాతతరం డ్రైవర్ సెన్నాకి జీవితం మొత్తం కలిపినా 614, ఇక సెన్నా గొప్పేమిటని చిన్నూ వాదన. బుజ్జికేమో జవాబు దొరక్క ఉక్రోషం. రెండు అంకెలూ నిజమే. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడం దగ్గరే వచ్చింది చిక్కు.

సెన్నా ఎక్కువ కాలం నడిపిన పద్ధతిలో గెలిచినవాడికి 9 పాయింట్లు, ఆ తర్వాత వరసగా 6, 4, 3, 2, 1. ఏడోవాడికి సున్నా. ఇప్పుడు గెలిస్తే 25, ఆ తర్వాత 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1. పదోవాడూ ఒట్టి చేతులతో పోడు. రేసులూ పెరిగాయి. 1988లో 16 ఉంటే 2023లో 22. పైగా కొన్ని శనివారాల్లో స్ప్రింట్ అనే పొట్టి రేసులు, వాటికి విడిగా పాయింట్లు.

వెర్‌స్టాపెన్ ఆ 22లో 19 గెలిచాడు. రెండుసార్లు రెండో స్థానం, ఒకసారి ఐదో స్థానం. దీన్ని సెన్నా నాటి పట్టికలో వేయండి: 171, 12, 2. మొత్తం 185. ఒక్క గెలుపు కూడా తగ్గకుండానే 575 కాస్తా 185 అయింది.

అయితే అంకెలు పెద్దవి కావడం పెద్ద విషయమేమీ కాదు. గెలిచినవాడికీ రెండోవాడికీ మధ్య ఎంత ఎడం పెట్టారన్నది చూడాలి. 9కి 6 అంటే రెండో స్థానం విలువ గెలుపులో మూడింట రెండు వంతులు. ఈ ఎడం మారినప్పుడల్లా డ్రైవర్లు నడిపే తీరు మారింది, ఒక్కోసారి ఛాంపియన్ కూడా మారిపోయేవాడే. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మొదటినుంచీ వద్దాం. 1950లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైనప్పుడు పాయింట్లు మొదటి ఐదుగురికే: 8, 6, 4, 3, 2. అందరికంటే వేగంగా ఒక ల్యాప్, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు, కొట్టినవాడికి ఇంకొకటి. ఈ ఒక్క పాయింటుతో 1954లో సిల్వర్‌స్టోన్‌లో తమాషా జరిగింది. అక్కడ ల్యాప్ టైముని పూర్తి సెకన్లలోనే లెక్కపెట్టారు. ఫాంజియో, మాస్, అస్కారీ సహా ఏడుగురు డ్రైవర్లకి సరిగ్గా ఒకే టైము వచ్చింది. ఏం చేస్తారు? ఒక పాయింటుని ఏడు ముక్కలు చేసి తలా 0.14 పంచారు. ఫాంజియో కెరీర్ మొత్తం పాయింట్లు 277.64 అని చూసి అచ్చుతప్పు అనుకోకండి, ఆ చివరి ముక్కలో ఇదీ ఉంది.

అప్పట్లో ఇంకో నియమం ఉండేది. మీ స్కూల్లో తక్కువ మార్కులొచ్చిన యూనిట్ టెస్టు వదిలేసి మిగతావే కలిపినట్టు, సీజన్‌లో వచ్చిన మంచి ఫలితాలు కొన్నే లెక్కలోకి తీసుకునేవారు. కార్లు తరచూ చెడిపోయే రోజులు కాబట్టి, ఇంజన్ పేలిన పాపం డ్రైవర్ నెత్తిన పడకూడదని. న్యాయమే. కానీ కారు చెడిపోకుండా నడిపినవాడి గతేమిటి?

1988 చూడండి. సెన్నా, ప్రోస్ట్ ఒకే మెక్‌లారెన్ టీములో ఉన్నారు. ప్రోస్ట్ 7 గెలిచి, 7 సార్లు రెండోవాడుగా వచ్చాడు. మొత్తం 105. సెన్నా 8 గెలిచాడు, మూడు రెండో స్థానాలు, ఒక నాలుగు, ఒక ఆరు. మొత్తం 94. కానీ లెక్కలోకి వచ్చేవి 11 ఫలితాలే. ప్రోస్ట్ మూడు రెండో స్థానాలు వదులుకోవాలి, అంటే 18 పాయింట్లు పోయి 87. సెన్నాకి పోయింది 4, మిగిలింది 90. ఛాంపియన్ సెన్నా! ఇప్పటి పట్టికలో వేస్తే, సెన్నా పదో స్థానంలో వచ్చిన ఇటలీ రేసు కూడా కలుపుకుని, ప్రోస్ట్‌కి 301, సెన్నాకి 275. చిన్నూ, నువ్వు గెలిచావనుకోకు. ఎక్కువ రేసులు గెలిచినవాడికే కిరీటం దక్కాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

1991 నుంచి అన్ని ఫలితాలూ లెక్కే, గెలుపుకి 10. ఈ పద్ధతిలో 2002లో షూమాకర్ జూలైలోనే ఛాంపియన్ అయిపోయాడు. ఇంకా ఆరు రేసులున్నాయి! ఇక టీవీ ముందు కూర్చునేదెవరు? అందుకే 2003లో పట్టిక మార్చి 10, 8, 6, 5, 4, 3, 2, 1 చేశారు. గెలుపుకీ రెండో స్థానానికీ తేడా రెండే. పోటీ చివరిదాకా సాగిందన్న మాట నిజమే. ఆ ఏడాది ఒకే ఒక్క రేసు గెలిచిన రైకోనెన్ 91 దాకా వచ్చాడు, ఆరు గెలిచిన షూమాకర్ 93. నాకైతే ఇది గెలుపుని మరీ చవక చేసిన పద్ధతి.

దీని అసలు దెబ్బ 2008లో తగిలింది. మాసా 6 గెలిచాడు, హామిల్టన్ 5. ఆఖరి రేసు బ్రెజిల్‌లో, మాసా సొంత ఊరు సావోపాలోలో. మాసా గెలిచి గీత దాటాడు, ఫెరారీ గ్యారేజీలో ఇంట్లోవాళ్లు కావలించుకుని గంతులేస్తున్నారు. వెనక వాన. పొడి ట్రాక్ టైర్లతోనే నెట్టుకొస్తున్న గ్లాక్ అనే డ్రైవర్‌ని ఆఖరి ల్యాప్‌లో, ఆఖరి మలుపుల్లో హామిల్టన్ దాటేసి ఐదోవాడయ్యాడు. ఆ ఐదో స్థానంతో లెక్క 98-97. కిరీటం ఒక్క పాయింటుతో చేతులు మారింది.

నేను కాగితం మీద వేసి చూశాను. 2002 వరకూ ఉన్న 10-6-4-3-2-1 ప్రకారం అయితే మాసా 83, హామిల్టన్ 80. ఛాంపియన్ మాసా. ఇప్పటి 25 పాయింట్ల పట్టికలో హామిల్టన్ 243, మాసా 240. కార్లు అవే, రేసులు అవే, వాన అదే. అలాగని హామిల్టన్‌ది దొంగ కిరీటం అనకండి. తనకి ఐదో స్థానం చాలని తెలిసే ఆ రోజు అలా నడిపాడు. వేరే పట్టిక ఉంటే వేరేగా నడిపేవాడు.

2010 నుంచి 25-18. రెండో స్థానం విలువ 72 శాతం, అటూ ఇటూ కాకుండా. 2014లో ఆఖరి రేసుకి పాయింట్లు రెట్టింపు చేశారు. అంత అర్థంలేని ఆలోచన ఇంకోటి లేదు, ఒక్క ఏడాదికే ఎత్తేశారు. ఫాస్టెస్ట్ ల్యాప్ పాయింటు 2019లో మళ్లీ వచ్చి, 2025కి మళ్లీ పోయింది.

మన నెక్లెస్ రోడ్డు సంగతీ చెప్పాలి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ, అంటే కరెంటు కార్ల రేసు జరిగింది, గుర్తుందా? ట్రాఫిక్ మళ్లించారని మీ నాన్న విసుక్కున్న రోజు. గెలిచింది వెర్న్, అక్కడా 25 పాయింట్లే. కానీ ఫార్ములా ఈలో రేసు మొదలయ్యేటప్పుడు ముందు వరసలో మొదటి స్థానం, అదే పోల్, సాధించినవాడికి 3 పాయింట్లు ఇస్తారు. ఆ రోజు పోల్ ఎవాన్స్‌ది. రేసులో సొంత టీమ్మేట్ కారే వచ్చి గుద్ది బయటపడ్డాడు. అయినా ఆ 3 పాయింట్లు అతని ఖాతాలోనే ఉన్నాయి.

ఇక మీకో లెక్క. 1984లో లౌడా 72, ప్రోస్ట్ 71.5. చరిత్రలో ఇంత తక్కువ తేడా ఇంకెప్పుడూ లేదు. ఆ ఏడాది మొనాకో రేసుని వాన వల్ల మధ్యలో ఆపేసి, గెలిచిన ప్రోస్ట్‌కి 9లో సగం, 4.5 ఇచ్చారు. లౌడా అప్పటికే రేసు బయట. రేసు చివరిదాకా జరిగి, ప్రోస్ట్ గెలవకుండా రెండోవాడుగా వచ్చి ఉంటే ఛాంపియన్ ఎవరు? బుజ్జి ముందు చెయ్యాలి, చిన్నూ పక్కనుంచి అందించకూడదు. జవాబు వాట్సాప్‌లో పెట్టండి.

మీ తాతయ్య