పక్క రాష్ట్రంలో కొన్నా వదలని పన్ను: అమెరికా యూజ్ ట్యాక్స్ కథ

సియాటెల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో ఎవరైనా సోఫా సెట్టో, పెద్ద టీవీయో, వజ్రాల నెక్లెసో కొంటామంటే ఒక సలహా తప్పకుండా వినిపిస్తుంది: "పోర్ట్‌లాండ్ వెళ్లి కొనుక్కో, అక్కడ ట్యాక్స్ లేదు." పోర్ట్‌లాండ్ ఉన్న పక్క రాష్ట్రం ఆరిగన్‌లో సేల్స్ ట్యాక్స్ లేనిమాట నిజమే. బెల్‌వ్యూ, రెడ్‌మండ్ లాంటి చోట్ల అది 10 శాతం దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి 5,000 డాలర్ల వస్తువు మీద 500 మిగిలినట్టే అనిపిస్తుంది. కానీ ఆ వస్తువును వాషింగ్టన్ రాష్ట్రంలోకి తెచ్చి వాడడం మొదలుపెట్టగానే, అంతే శాతం యూజ్ ట్యాక్స్ కొన్నవాళ్ల మీద పడుతుంది. షాపువాళ్లు అడగలేదు కదా అంటే కుదరదు. కట్టాల్సిన బాధ్యత కొన్నవాళ్లదే. న్యూజెర్సీ నుంచి డెలావేర్‌కు, మసాచుసెట్స్ నుంచి న్యూహ్యాంప్‌షైర్‌కు షాపింగ్‌కి వెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. సలహా ఇచ్చేవాళ్లు ఈ రెండో సగం చెప్పరు, చాలామందికి తెలియదు కూడా.

ఈ పన్ను ఆన్‌లైన్ షాపింగ్‌తో పుట్టిందనుకుంటారు. నిజానికి దీని వయసు 90 ఏళ్లు. 1930ల ఆర్థిక మాంద్యంలో భూముల ధరలు కుప్పకూలి, ఆస్తి పన్ను మీద బతికే రాష్ట్రాల ఖజానాలు ఖాళీ అయ్యాయి. 1932లో మిసిసిపీ 2 శాతం అమ్మకం పన్ను తెచ్చింది. ఆ దశాబ్దం ముగిసేలోపు ఇరవైకి పైగా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. అన్నీ పట్టలేదు కాబట్టి కొత్త తలనొప్పి మొదలైంది. సరిహద్దు ఊళ్ల జనం పక్క రాష్ట్రానికి వెళ్లి కొనుక్కోసాగారు. ఇక్కడి దుకాణదారు పన్ను వసూలు చేసిన పాపానికి బేరం పోగొట్టుకున్నాడు. 1935లో వాషింగ్టన్ రాష్ట్రం దీనికి విరుగుడు వేసింది: 2 శాతం సేల్స్ ట్యాక్స్, దానికి తోడు బయట కొని ఇక్కడ వాడే వస్తువుల మీద 2 శాతం యూజ్ ట్యాక్స్. బయట ఇప్పటికే పన్ను కట్టి ఉంటే ఆ మేరకు మినహాయింపు.

దీని మీద మొదటి పెద్ద కేసు వాషింగ్టన్ రాష్ట్రంలోనే, కొలంబియా నది ఒడ్డున పుట్టింది. గ్రాండ్ కూలీ డ్యామ్ కడుతున్న కాంట్రాక్టర్లు రైలింజన్లు, పంపులు, కన్వేయర్లు వేరే రాష్ట్రాల్లో కొని తెచ్చుకున్నారు. విలువ 9.21 లక్షల డాలర్లు. రాష్ట్రం దాదాపు 18,400 డాలర్ల యూజ్ ట్యాక్స్ కట్టమంది. ఇది వేరే రాష్ట్రాల వ్యాపారం మీద సుంకం వేయడమేనని వాళ్లు కోర్టుకెక్కారు. 1937లో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ కార్డోజో తీర్పు రాశారు. ఇది సరిహద్దు దాటిన నేరానికి వేసిన సుంకం కాదు, సొంతమైన వస్తువును ఇక్కడ వాడుకోవడం మీద పన్ను. లెక్క తేలేసరికి బయటివాడూ లోపలివాడూ కట్టేది సమానమే అన్నది దాని సారం. నా దృష్టిలో న్యాయమైన తీర్పే అది. ఈ రోజుకీ యూజ్ ట్యాక్స్ నిలబడింది ఆ సమానత్వం మీదే.

చిక్కంతా వసూలులో వచ్చింది. ఎవరింట్లో ఏ సోఫా ఎక్కణ్నుంచి వచ్చిందో అధికారులు ఇంటింటికీ తిరిగి చూడలేరు. అందుకని అమ్మినవాణ్ని పట్టుకుందామనుకున్నారు. 1954 నాటి మేరీల్యాండ్ కేసు దీనికి మంచి ఉదాహరణ. డెలావేర్‌లోని విల్మింగ్టన్‌లో ఒక ఫర్నిచర్ దుకాణం ఉండేది. మేరీల్యాండ్ జనం అక్కడికి వెళ్లి కొనేవారు, కొన్నిసార్లు దుకాణం సొంత ట్రక్కే సరుకు ఇంటికి చేర్చేది. మా జనం దగ్గర పన్ను ఎందుకు వసూలు చేయలేదంటూ మేరీల్యాండ్ ఆ ట్రక్కును జప్తు చేసింది. న్యాయమూర్తుల్లో 5-4 తేడాతో సుప్రీంకోర్టు దుకాణం పక్షాన నిలిచింది. మేరీల్యాండ్‌తో తగినంత సంబంధం లేని వ్యాపారిని పన్ను వసూలుదారుగా మార్చడం కుదరదంది. అయితే ఆ ఫర్నిచర్ కొన్నవాళ్ల బాకీని మాత్రం ఆ తీర్పు రద్దు చేయలేదు. జనం నోటికి చేరేసరికి మాత్రం "బయట కొంటే ట్యాక్స్ లేదు" అన్నదొక్కటే మిగిలింది.

1967లో మెయిలార్డర్ కంపెనీల (పోస్టులో ఆర్డర్లు తీసుకుని సరుకు పంపేవాళ్ల) విషయంలో, 1992లో క్విల్ అనే కంపెనీ మీద నార్త్ డకోటా వేసిన కేసులో కోర్టు అదే గీత గీసింది: రాష్ట్రంలో దుకాణమో, గోదామో, ఉద్యోగులో ఉంటేనే అమ్మేవాడు పన్ను వసూలు చేయాలి. కావాలంటే కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చట్టం చేసుకోవచ్చని 1992లోనే చెప్పింది. 2013లో సెనేట్ ఒక బిల్లును 69-27తో ఆమోదించినా, ప్రతినిధుల సభలో అది ముందుకు కదల్లేదు. ఈలోగా ఇంటర్నెట్ వ్యాపారం విస్తరించి, ఊళ్లోని దుకాణం మళ్లీ 1935 నాటి స్థితికే వచ్చింది.

రిజిస్ట్రేషన్ ఉన్న వస్తువుల దారి వేరు. కారు ఎక్కడ కొన్నా సొంత రాష్ట్రంలో నంబరు ప్లేటు తీసుకోవాల్సిందే, ఆ కౌంటర్లోనే పన్ను అడుగుతారు. పడవలూ విమానాలూ అంతే. అందుకే ఎత్తులన్నీ అక్కడే పుట్టాయి. సేల్స్ ట్యాక్స్ లేని మోంటానాలో పేరుకొక ఎల్ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టి, ఖరీదైన కార్లూ మోటార్‌హోమ్‌లూ దాని పేరున రిజిస్టర్ చేయించి, కాలిఫోర్నియా రోడ్ల మీద తిప్పడం అందులో ఒకటి. 2010లో సెనేటర్ జాన్ కెర్రీ 70 లక్షల డాలర్ల పడవ వార్తల్లోకి ఎక్కింది. ఆయనది మసాచుసెట్స్, పడవ ఉన్నది 1993లోనే పడవల మీద పన్ను ఎత్తేసిన రోడ్ ఐలండ్‌లో. గొడవ ముదిరాక ఆయన దాదాపు 5 లక్షల డాలర్లు సొంత రాష్ట్రానికి కట్టారు. రిజిస్ట్రేషన్ లేని కళాఖండాల్లోనూ ఇదే ఆట నడిచింది. టైకో కంపెనీ అధిపతి డెనిస్ కోజ్లోవ్‌స్కీ మీద 2002లో వచ్చిన అభియోగం ప్రకారం, పెయింటింగ్‌లు న్యూయార్క్ అపార్ట్‌మెంట్‌కు చేరితే, ఖాళీ పెట్టెలు సేల్స్ ట్యాక్స్ లేని న్యూహ్యాంప్‌షైర్‌లోని ఆఫీసుకు వెళ్లాయి. ఆ పన్ను కేసు పరిష్కారానికి 2006లో ఆయన 2 కోట్ల డాలర్లకు పైగా కట్టడానికి ఒప్పుకున్నాడు.

వాహనాల సంగతి మన దగ్గరా కొత్తది కాదు. బయటి రాష్ట్రాల్లో కొని తెచ్చే మోటారు వాహనాల మీద 1996లో ఆంధ్రప్రదేశ్ ప్రవేశ పన్ను చట్టం చేసింది. అక్కడ కట్టిన అమ్మకం పన్నును ఇందులోంచి తగ్గించేవారు. పద్ధతి అచ్చంగా యూజ్ ట్యాక్స్‌దే. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ తరహా పన్నులు అందులో కలిసిపోయాయి.

అమెరికాలో మలుపు 2018 జూన్ 21న వచ్చింది. ఆదాయ పన్ను లేని సౌత్ డకోటా, వేఫెయిర్ అనే ఆన్‌లైన్ ఫర్నిచర్ కంపెనీ మీద వేసిన కేసులో 5-4తో గెలిచింది. ఏడాదికి లక్ష డాలర్ల అమ్మకాలో, 200 లావాదేవీలో రాష్ట్రంలో ఉంటే, దుకాణం లేకపోయినా వసూలు చేయాల్సిందే అన్న ఆ రాష్ట్ర నిబంధనకు కోర్టు అడ్డు తొలగించింది. రాష్ట్రవ్యాప్త సేల్స్ ట్యాక్స్ ఉన్న 45 రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి. చివరిది మిజోరీ, 2023 జనవరిలో.

దాంతో ఆన్‌లైన్ కొనుగోళ్ల టెన్షన్ చాలావరకు తీరింది. మిగిలింది మనిషి స్వయంగా వెళ్లి కొని తెచ్చుకునే పెద్ద వస్తువులే. ఉద్యోగం మారి రాష్ట్రం మారినప్పుడు కారుతో వెళ్లేవాళ్లకు కూడా నిబంధనలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. టెక్సస్‌కు కొత్తగా వచ్చినవాళ్లు, ముందే తమ పేరున వేరే రాష్ట్రంలో రిజిస్టరైన కారుకు 90 డాలర్లు కడితే సరిపోతుంది. కాలిఫోర్నియాలో, కొన్న 12 నెలల్లోపు కారును రాష్ట్రంలోకి తెస్తే అక్కడి వాడకానికే కొన్నారని భావించే పరిస్థితులున్నాయి. అప్పుడు పన్ను తేడా కట్టాలి. పాత రాష్ట్రంలో పన్ను కట్టిన రసీదు దాచుకోకపోతే ఆ తేడా కాస్తా మొత్తం పన్ను అవుతుంది.

మనవాళ్లకు అసలు తగిలేది బంగారం దగ్గర. పెళ్లికని హైదరాబాద్‌లో నగలు కొని, విమానాశ్రయంలో నిజాయితీగా డిక్లేర్ చేసి, కాలిఫోర్నియా చేరతారు. కస్టమ్స్ కేంద్ర ప్రభుత్వానిది కాబట్టి అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. ఆ డిక్లరేషన్ల సమాచారం కాలిఫోర్నియా పన్నుల శాఖకూ చేరుతుంది. స్వయంగా చేతిలో తెచ్చుకున్న వస్తువుల్లో మొదటి 800 డాలర్లకు మినహాయింపు ఉంది, మిగతాదానికి స్థానిక రేటు చొప్పున యూజ్ ట్యాక్స్ కట్టాలి. ఇక్కడ ఇంకో దెబ్బ ఉంది. ఇప్పటికే కట్టిన పన్నును తగ్గించే క్రెడిట్ ఇచ్చేది అమెరికాలోని వేరే రాష్ట్రాలకు కట్టిన పన్నుకే. హైదరాబాద్‌లో బిల్లు మీద కట్టిన 3 శాతం జీఎస్టీ లెక్కలోకి రాదు. 1937లో కోర్టు చెప్పిన సమానత్వం ఈ కుటుంబం దగ్గర పనిచేయడం లేదు, వాళ్లు రెండు చోట్లా కడుతున్నారు. దీన్ని సరిచేయాల్సింది కాలిఫోర్నియా శాసనసభ. అప్పటిదాకా కనీసం డిక్లేర్ చేసేచోటే రాష్ట్రానికి కూడా పన్ను కట్టాల్సి ఉంటుందని ప్రయాణికులకు చెప్పాలి.