గరాటు గూడు చూడగానే స్ప్రేయరు ఎత్తకండి

అక్టోబరు కత్తిరింపులు అయ్యి చిగుర్లు సాగే రోజుల్లో తెల్లవారకముందే నా ఫోను మోగుతుంది. సోలాపూర్ చుట్టుపక్కల ద్రాక్ష తోటల నుంచి అందరూ పంపేది ఒకే ఫొటో. పందిరి కింద గడ్డి మీద మంచు పట్టిన తెల్లని దుప్పటి, ఓ మూలన కన్నం. "అన్నా, ఇదేం తెగులు?"

అపోహ: గూడు కనిపించిందంటే తోటకు పురుగు పట్టినట్టే.

వాస్తవం: ద్రాక్షలో గూడు అల్లే చీడ ఎర్రనల్లి. దాని దారాలు ఆకు అడుగున, కంటికి ఆనీ ఆననట్టుంటాయి; ఆకు మీద పసుపు చుక్కలు లేస్తాయి. మీ ఫొటోలోని దుప్పటి గరాటు గూడు కట్టే సాలీడు అల్లింది. అది ఆకు తినదు, కాయ ముట్టదు. దాని దుప్పటికి జిగురు కూడా ఉండదు. పురుగు దాని మీద పడి తడబడుతుంటే, కన్నంలోంచి దూసుకొచ్చి లాక్కుపోతుంది.

రెండేళ్ల కిందట ఒక రైతు నన్ను అడగకుండానే సింథటిక్ పైరెత్రాయిడ్ అనే పురుగుమందు కొట్టేశాడు. పది గంటలకు గూళ్లు మాయమయ్యాయని సంబరపడ్డాడు. మాయమైంది గూళ్లు కాదయ్యా, మంచు ఆరింది! గూడు అక్కడే ఉంది, కనిపించడం లేదంతే. చచ్చింది మాత్రం సాలీడు, దానితోపాటు ఎర్రనల్లిని తినే మిత్ర నల్లులు. మూడు వారాలకు ఆకులు రాగి రంగు తిరిగాయి. ఇక ఎర్రనల్లికి మరో మందు. అదే కోతకు దగ్గరలో అయితే కాయలో మందు అవశేషాలు మిగిలి, ఎగుమతి సరుకు పరీక్షలో ఆగిపోతుంది. లేని జబ్బుకు ఇంత ఖర్చా?

బూడిద తెగులని, పిండినల్లి అని అనుమానించేవాళ్లు వేలితో తాకి చూస్తే చాలు. బూడిద తెగులైతే పొడి అంటుతుంది, పిండినల్లిని నలిపితే గులాబీ మరక పడుతుంది.

అపోహ: ఫోన్లలో తిరిగే వీడియోలో చెప్పినట్టు, ఇది నిమిషాల్లో ప్రాణం తీసే సాలీడు.

వాస్తవం: ఆ వీడియోలోది సిడ్నీ ప్రాంతపు సాలీడు, కుటుంబమే వేరు. దానికీ 1981లో విరుగుడు వచ్చింది. ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద నాకు జాలి లేదు గానీ, వంగి గుత్తులు కోసే ఆడవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కిందటి సీజనులో ఒకావిడ కత్తెర పక్కన పెట్టి కూర్చుండిపోయింది. గడ్డిపరకతో గూడు అంచును కదిపి చూపించాను. సాలీడు గరాటులోకి దూరి మళ్లీ బయటికి రాలేదు. మా నాయనమ్మ మగ్గం దగ్గర సాలెపురుగును చంపనిచ్చేది కాదు, "అదీ సాలెదే కదా" అనేది. ఆ మాట చెబితే ఆవిడ నవ్వి కత్తెర అందుకుంది.

అపోహ: గూడు ఫొటో చూసి పేరు చెప్పేయవచ్చు.

వాస్తవం: చెప్పలేం. మన పొలాల గట్ల మీద ఇలాంటి గరాటు అల్లేది చాలాసార్లు హిప్పాసా, అంటే తోడేలు సాలీళ్ల కుటుంబంది. అసలు గరాటు సాలీళ్లు అగెలెనిడే కుటుంబానివి. రెండింటికీ వెనక దారం తీసే కాడలు పొడవే, కాబట్టి తోక చూసి మోసపోకండి. కళ్లు చూడండి. అగెలెనిడేకు నాలుగేసి చొప్పున రెండు వరుసలు. హిప్పాసాకు ముందు నాలుగు చిన్నవి, వాటి పైన రెండు పెద్దవి, వెనక మరో రెండు. గుడ్ల సంచిని వెనక తగిలించుకుని తిరుగుతుంటే అది హిప్పాసాయే.

అందుకే ఫొటో తీసేటప్పుడు గూడును కాదు, కన్నం దగ్గర కూర్చున్న సాలీడు ముఖాన్ని తీయండి. స్ప్రేయరులో మందు కలపకముందే పంపండి.