ఒక కస్టమర్, పది ఐడీలు: అపోహలు - వాస్తవాలు

వెబ్‌సైట్‌లో కుకీ (బ్రౌజర్‌లో సైట్ దాచుకునే గుర్తు), యాప్‌లో డివైస్ ఐడీ, షాపు బిల్లులో మొబైల్ నంబర్, కాల్ సెంటర్ టికెట్‌లో ఈమెయిల్. వీటన్నిటి వెనకున్నది ఒక మనిషా, ఇద్దరా అని తేల్చడమే మా పని. దీన్ని ఐడెంటిటీ రిజల్యూషన్ అంటాం. కొత్తగా చేరినవాళ్లే కాదు, బడ్జెట్ ఇచ్చే మార్కెటింగ్ టీమ్‌లు కూడా పదే పదే అనే మాటలు కొన్నున్నాయి.

అపోహ: మొబైల్ నంబర్ దొరికితే మనిషి దొరికినట్టే.

మన దేశంలో ఇంతకంటే మంచి ఆధారం లేదు, నిజమే. కానీ నంబర్లు చేతులు మారతాయి. రద్దయిన నంబర్‌ను కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరని 2023లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పింది. అంటే ఆ తర్వాత ఇవ్వొచ్చు. మూడేళ్ల కిందటి ఆర్డరూ నిన్నటి ఆర్డరూ ఒకే నంబర్ మీదున్నాయని కొన్నది ఒకరే అనుకోలేం.

అసలు తలనొప్పి బిల్లింగ్ కౌంటర్ దగ్గర. కస్టమర్ నంబర్ చెప్పనంటాడు, వెనక క్యూ పెరుగుతుంటుంది, క్యాషియర్ పది తొమ్మిదులు కొట్టేస్తాడు, లేదా తన నంబరే వేస్తాడు. ఆ నంబర్ ఎవరిదో ఈమెయిల్‌తో ముడిపడుతుంది, ఆ ఈమెయిల్ ఒక డివైస్‌తో, ఆ డివైస్ ఇంకో నంబర్‌తో. ముడిపడినవన్నీ ఒకే మనిషి అని రూల్ పెట్టుకుంటే, తెల్లారేసరికి విజయవాడ, వరంగల్, బెంగళూరుల్లో ఒకే పూట షాపింగ్ చేసిన మహానుభావుడు తయారై ఉంటాడు. ఎక్కువ ఈవెంట్లు (క్లిక్, కొనుగోలు లాంటి నమోదులు) ఉన్న ప్రొఫైల్స్ పైకి వచ్చేలా పేర్చి మొదటి ఇరవై చూడండి, ఇలాంటివాళ్లు అక్కడే దొరుకుతారు. ఒక ఐడీ పరిమితికి మించిన ఖాతాలతో కలుస్తుంటే దాన్ని ముడివేసే పని నుంచి తప్పించాలి. ఈవెంట్ ఉంటుంది, ముడి ఉండదు.

అపోహ: ఎంత ఎక్కువ కలిపితే అంత మంచి సిస్టమ్.

డెమోల్లో మ్యాచ్ రేట్ (కలిపిన ఐడీల శాతం) ఒక్కటే చూపిస్తారు. అందులో తప్పుడు మ్యాచ్‌లెన్నో అడగండి. ఒకే మనిషిని కలపలేకపోతే ఒక ఆఫర్ రెండుసార్లు వెళుతుంది, అంతే. వేర్వేరు మనుషుల్ని కలిపేస్తే ఒకరి మందుల ఆర్డర్ మెసేజ్ ఇంకొకరి ఫోన్‌కి పోతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం నాకు అస్సలు నచ్చదు. అందుకే అసలు ఈవెంట్లో ఐడీని చెరిపి కొత్తది రాయకూడదు. ఏ ముడి ఎప్పుడు, ఏ ఆధారంతో వేశామో వేరే టేబుల్లో ఉంచితే, తప్పు తేలిన రోజు ఆ వరుస తీసేసి మళ్లీ లెక్కగట్టొచ్చు.

అపోహ: నంబర్ లేకపోతే పేరు పోల్చుకుంటే సరి.

ఫెలెగి, సంటర్ అనే గణాంక నిపుణులు 1969లోనే దీనికి లెక్క కట్టారు: అరుదైన విలువ కలిస్తే బరువెక్కువ, అందరికీ ఉండేది కలిస్తే తక్కువ. హైదరాబాద్ డేటాలో రెండుచోట్ల 'శ్రీనివాసరావు' కనిపిస్తే అది దాదాపు ఆధారమే కాదు. పైగా ఒక రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరమై ముందుంటుంది, ఇంకోదాంట్లో పూర్తిగా చివరుంటుంది. సౌండెక్స్ అమెరికాలో పేర్ల కోసం పుట్టిన పద్ధతి, పలికే తీరును బట్టి పేరుకు ఒక కోడ్ ఇస్తుంది. లక్ష్మిని ఇంగ్లిష్‌లో కేఎస్‌తో రాసినా ఎక్స్‌తో రాసినా ఒకే కోడ్ ఇస్తుంది, బాగానే ఉంది. కానీ మొదటి అక్షరాన్ని అది ముట్టుకోదు. ఈశ్వర్‌ను ఇంగ్లిష్‌లో ఒకచోట 'E' అక్షరంతో, మరోచోట 'I' అక్షరంతో మొదలుపెడితే ఒక్కడే ఇద్దరైపోతాడు.

అపోహ: లాగిన్ కాగానే ఆ డివైస్‌లోని పాత ఈవెంట్లన్నీ వాళ్లవే.

ఇంటిల్లిపాదీ వాడే ట్యాబ్‌లో అమ్మ చూసిన మిక్సీ కొడుకు ఖాతాలో చేరేది ఇలాగే. లాగౌట్ అయినప్పుడు అనానిమస్ ఐడీ (లాగిన్ కానప్పుడు డివైస్‌కు ఇచ్చే గుర్తు) మార్చండి, వెనక్కి కలపడం గత లాగౌట్ దగ్గరే ఆపండి. యాపిల్ బ్రౌజర్ సఫారీలోనైతే జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే కోడ్) పెట్టిన కుకీ, మనిషి మళ్లీ సైట్‌కి రాకపోతే, ఏడు రోజుల్లో ఎలాగూ పోతుంది.

అపోహ: హాష్ చేశాం (నంబర్‌ను గుర్తుపట్టలేని కోడ్‌గా మార్చాం) కాబట్టి అది వ్యక్తిగత డేటా కాదు.

మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 వరకున్న అంకెతో మొదలయ్యే పది అంకెలు. మహా అయితే 400 కోట్లు. రహస్య కీ లేని ఎస్‌హెచ్‌ఏ-256 అనే హాష్ పద్ధతి అయితే అన్నిటికీ ముందే లెక్కగట్టి పెట్టుకోవడం మంచి గ్రాఫిక్స్ కార్డుకు పెద్ద పనేం కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మనిషిని గుర్తించే వీలుంటే చాలు, అది వ్యక్తిగత డేటాయే. ఇంకో సంగతి: ఒక టీమ్ +91తో, మరో టీమ్ ముందు సున్నాతో హాష్ చేస్తే ఆ రెండూ జన్మలో కలవవు. ముందు పది అంకెలకు దించాలి, ఆ తర్వాతే హాష్.