క్రోమ్‌లో కన్ను బొమ్మ నొక్కితే పాస్‌వర్డ్ ఎందుకు కనపడిద్ది? 2013 నాటి పేచీ ఇది

నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా ఒంగోల్లో నెట్ సెంటర్ల దగ్గర ఇదే గొడవ, ఇప్పుడు మళ్లీ మొదలైంది. అప్లికేషన్ పెట్టుకోడానికొచ్చినోళ్లు మెయిల్ తెరిచి ‘సేవ్’ నొక్కేసి పోతారు, తర్వాత ఆ సీట్లో కూర్చున్నోడికి పాస్‌వర్డ్ కనపడిద్ది. సెంటరోళ్లేమో క్రోమ్ అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసే (తాళంచెవి లేకుండా చదవలేని కోడ్‌గా మార్చే) దాచిద్ది గదా అంటారు. నిజమే. ఎవరి నుంచి దాచిద్దో మాత్రం చెప్పరు.

పాత సంగతులొదిలేస్తే అసలు మలుపు 2013 ఆగస్టు. ఎలియట్ కెంబర్ అనే డెవలపర్, క్రోమ్ సెట్టింగుల్లోకి పోయి ‘షో’ నొక్కితే చాలు పాస్‌వర్డ్ అట్టనే కనపడతందని రాశాడు. దానికి క్రోమ్ సెక్యూరిటీ చూసే జస్టిన్ షూ ఇచ్చిన జవాబు ఏందంటే, మనిషి మీ అకౌంట్లోకి వచ్చేశాక ఇంకే అడ్డం పెట్టినా అది ఉత్త భ్రమ, అసలు గోడ ఆపరేటింగ్ సిస్టమ్ లాగినే అని.

లెక్క ప్రకారం తప్పు లేదు. ఆ కోడ్ విప్పే తాళంచెవిని కాసే ఏర్పాటు విండోస్‌లో డీపీఏపీఐ అయినా లినక్స్‌లో గ్నోమ్ కీరింగ్ అయినా లాగిన్ అయితే తెరుచుకుంటది, ఆ లాగిన్ కింద నడిచే ప్రోగ్రామ్ ఏది అడిగినా ఇచ్చేస్తది, ఆపిల్ మ్యాక్‌లో అదే పని చేసే కీచైన్ కాస్త నయం, అడిగే యాప్ ఏదో చూసిద్ది. కాకపోతే ఆ లెక్కంతా మనిషికొక అకౌంట్ ఉంటదనుకుని వేసింది. ఇక్కడ పొద్దున సిస్టమ్ ఆన్ చేస్తే రాత్రి దాకా అందరికీ ఒకటే లాగిన్, దానికీ పాస్‌వర్డ్ ఉండదు చాలా చోట్ల. తర్వాత్తర్వాత క్రోమ్ చూపించే ముందు విండోస్ పాస్‌వర్డ్ అడగడం మొదలెట్టింది (2013లో దండగన్నది ఇదే), అసలు పాస్‌వర్డే లేని సిస్టమ్‌లో అడిగేదేముంది? చూపించకపోయినా, సేవ్ చేసిన పాస్‌వర్డ్ తనే నింపే ఆటోఫిల్ లాగిన్ చేసేస్తది.

పాత సిస్టమ్‌ల్లో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేసుకున్నోళ్ల కత ఇంకోటి. ఆటో లాగిన్ పెడితే లాగిన్ పాస్‌వర్డ్ ఎవరూ కొట్టరు గనక కీరింగ్ తెరుచుకోదు, క్రోమ్ తెరవంగానే పాస్‌వర్డ్ అడిగే బాక్స్ వచ్చిద్ది, విసుగొచ్చి ఖాళీ పాస్‌వర్డ్ పెట్టేస్తారు, ఎన్‌క్రిప్ట్ కావని హెచ్చరిక వచ్చినా కంటిన్యూ కొట్టేస్తారు, ఇంక తాళంచెవి డిస్క్ మీద పచ్చిగా పడుంటది.

2024 జులైలో క్రోమ్ 127తో గూగుల్ విండోస్‌కి యాప్ బౌండ్ ఎన్‌క్రిప్షన్ తెచ్చింది, ముందు కుకీలకి (సైట్‌లో లాగిన్ అయి ఉన్నామని గుర్తుపెట్టుకునే చిన్న డేటా). ఒకే లాగిన్ కింద నడిచే వేరే ప్రోగ్రాములు దోచుకుపోకుండా అన్నమాట, అంటే పాత గోడ చాల్లేదని తనే ఒప్పుకున్నట్టు. అదీ దొంగ సాఫ్ట్‌వేర్ కోసమే, అదే సీట్లో తర్వాత కూర్చునేవాడి కోసం కాదు. వాడికి సరిపోయే మందు గెస్ట్ మోడ్, అందులో క్రోమ్ సేవ్ చేయమంటావా అని అడగదు, విండో మూస్తే అన్నీ పోతాయి, రెండు క్లిక్కుల పని, ఆ రెండు క్లిక్కులూ కొట్టాల్సింది సెంటరోళ్లే.