వినతిపత్రం పెట్టినంత మాత్రాన గడువు ఆగదు

బెంగళూరులో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసే ఒక తెలుగావిడకు ప్రసూతి సెలవు సాకుతో ప్రమోషన్ తప్పించారనుకుందాం. ప్రభుత్వ కొలువులో లింగవివక్ష కూడదని రాజ్యాంగం 16(2) అధికరణం చెబుతూనే ఉంది. చిక్కల్లా ఏ గుమ్మం ఎక్కాలి, ఎప్పటిలోగా ఎక్కాలి అన్న దగ్గరే వస్తుంది.

ఆవిడ వెళ్లాల్సింది క్యాట్ (కేంద్ర పాలనా ట్రిబ్యునల్) బెంగళూరు బెంచికి. కర్ణాటక ప్రభుత్వ ఉద్యోగి అయితే రాష్ట్ర పాలనా ట్రిబ్యునల్‌కు. తమిళనాడు ఉద్యోగికి ఆ మెట్టు లేదు, నేరుగా మద్రాసు హైకోర్టులో రిట్ వేయాలి. ట్రిబ్యునల్ ఉన్నచోట దాన్ని దాటేసి హైకోర్టుకు పోతే వెనక్కి పంపేస్తారు. 1997 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆ దారి మూసేసింది.

ఎక్కువ కేసులు పోయేది గడువు దగ్గర. 1985 ట్రిబ్యునళ్ల చట్టం ప్రకారం ముందు సర్వీసు రూల్స్‌లో ఉన్న అప్పీలు పెట్టుకోవాలి. దానిమీద తుది ఉత్తర్వు వస్తే ఆ తేదీ నుంచి ఏడాదిలోగా ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. జవాబే రాకపోతే ఆరు నెలలు ఆగి, అక్కడి నుంచి ఏడాది. 2025 ఫిబ్రవరి 10న అప్పీలు పెడితే, ఉలుకూ పలుకూ లేకపోతే, 2026 ఆగస్టు 10 ఆఖరు. "ఇంకో వినతిపత్రం పెట్టండి, సార్ చూస్తారు" అని ఆఫీసులో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. పెట్టవచ్చు, కానీ మళ్లీ మళ్లీ పెట్టినంత మాత్రాన గడువు పెరగదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు, కారణం మాత్రం గట్టిగా ఉండాలి.

రుజువు రెండు రకాలు. రూల్‌లోనే వివక్ష ఉంటే పని తేలిక. ఉద్యోగి చనిపోతే ఇంట్లోవాళ్లకిచ్చే కారుణ్య నియామకానికి కొడుకుకు పెళ్లయినా పర్వాలేదు, కూతురైతే అవివాహితే కావాలన్న కర్ణాటక నిబంధనను 2020లో హైకోర్టు కొట్టేసింది. అక్కడ ఎవరి మనసులోకీ తొంగిచూడాల్సిన పని లేదు, రూల్ చదివితే చాలు. రూల్ బాగానే ఉండి అమలులో వివక్ష జరిగితేనే కష్టం. అప్పుడు సీనియారిటీ లిస్టు, ప్రమోషన్ కమిటీ మినిట్స్ కావాలి. వాటిని ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద అడగవచ్చు, ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఇతరుల పనితీరు నివేదికలు వ్యక్తిగతమంటూ సాధారణంగా ఇవ్వరు. వాటిని తెప్పించమని ట్రిబ్యునల్‌నే కోరాలి.

క్యాట్ ఫీజు 50 రూపాయలే. ఆ దరఖాస్తులో సీనియారిటీ మారితే కిందికి జారే సహోద్యోగులను ప్రతివాదులుగా చేర్చడం చాలామంది మరిచిపోతారు. వాళ్ల మాట వినకుండా ఇచ్చిన ఉత్తర్వు పై కోర్టులో నిలబడదు. ఊరి నుంచి తెచ్చిన తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం కూడా ముందే జతపరచాలి.