గోదాములు నిండే ఉన్నాయి, కార్డులే లేవు

2001లో రాజస్థాన్‌లో వరుసగా మూడో ఏడూ కరువు. కొన్ని ఊళ్లలో ఇంట్లో అందరికీ తిండి చాలక వంతులు పెట్టుకున్నారు: ఈ రోజు తిన్నవాళ్లు రేపు పస్తు. అప్పుడు దేశంలోని ప్రభుత్వ గోదాముల్లో 4 కోట్ల టన్నులకు పైగా ధాన్యం మూలుగుతోంది. ఆ ఏప్రిల్‌లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. జీవించే హక్కులో తిండి హక్కు లేదా అని అడిగింది.

చౌక బియ్యం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1983లోనే ఎన్టీఆర్ కిలో 2 రూపాయలకు ఇచ్చారు. కానీ అది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. రేపు ఆపేసినా అడిగే దిక్కుండదు. ఆ పరిస్థితిని మార్చింది 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు. రేషన్, అంగన్‌వాడీ వంటి పథకాలు అప్పటి నుంచి ప్రజల హక్కులయ్యాయి. సర్కారు బడుల్లో పిల్లలకు వండిన భోజనమే పెట్టాలని కోర్టు గట్టిగా చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2003లో మొదలైంది. ఈ ఉత్తర్వులు అమలవుతున్నాయో లేదో చూడటానికి కోర్టు నియమించిన ఇద్దరు కమిషనర్లలో ఒకరు ఎస్.ఆర్. శంకరన్. వెట్టిచాకిరీ నిర్మూలనకు, సంక్షేమ హాస్టళ్లకు తన ఉద్యోగ జీవితాన్నంతా ధారపోసిన ఐఏఎస్ అధికారి. ఆ పనికి అంతకంటే తగిన మనిషి ఎక్కడ దొరుకుతారు?

పన్నెండేళ్లకు, 2013లో, ఆహార భద్రత చట్టం వచ్చింది. పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం. 2023 జనవరి నుంచి అది ఉచితం.

చిక్కంతా జనాభా లెక్కలోనే ఉంది. కేంద్రం ఇప్పటికీ 2011 జనగణననే పట్టుకుని సుమారు 81 కోట్ల మందికే కోటా ఇస్తోంది. ఆ తర్వాత పెరిగిన జనానికి అందులో చోటు లేదు. తెలుగు రాష్ట్రాలు అదనపు కార్డులకు సొంత డబ్బుతో బియ్యం ఇస్తున్నాయి. అంత స్తోమత లేని రాష్ట్రాల్లో పేదలు ఏమైపోవాలి?

లెక్కను మళ్లీ కట్టమని 2021లోనే సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఆ పని జరగలేదు. 2027 జనగణన అంకెలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. జనాభా అంచనాలతో ఇప్పుడే కోటా పెంచవచ్చు, పెంచాలి. గింజల కొరత అనడానికీ లేదు: గోదాముల్లోని బియ్యం కొంత పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ తయారీకి కూడా వెళుతోంది.