డిఫరెన్షియల్ కవర్ మార్చే ముందు: అపోహలు - వాస్తవాలు

గాజువాక ఆటోనగర్‌లో ఆక్సిల్ పనులు చేసే షెడ్డు మాది. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల ట్రేలు మోసే పికప్‌లు, పాడేరు ఘాట్ దిగి మిరియాలు, పసుపు తెచ్చే బళ్లు, అనకాపల్లి బెల్లం లోడ్లు... వీటి కింద పడుకుని చేసే పనే మా రోజువారీ బతుకు. ఈ మధ్య ఫోన్లో వీడియోలు చూసి వచ్చి, "మేస్త్రీ, వెనక డిఫరెన్షియల్‌కి అల్యూమినియం కవర్ వేసేద్దాం. ఇక వేడెక్కదంట, క్రౌన్ విరగదంట" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె, క్రౌన్ అందులోని పెద్ద గేరు చక్రం. అడగడంలో తప్పేం లేదు. కష్టపడి సంపాదించిన డబ్బు పెడుతున్నారు కాబట్టి, ఆ కవర్ ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలుసుకుని పెట్టాలని నా ఆరాటం.

అపోహ: ఏ పికప్‌కైనా ఈ కవర్ వేయించుకోవచ్చు.

ముందు బండి కిందికి వంగి చూడండి. వెనక ఆక్సిల్ మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే భాగానికి బంపర్ వైపున చుట్టూ బోల్టులు ఉంటే, అది విప్పి మార్చగలిగే కవర్. బోల్టులు లేకుండా నున్నగా, అతుకు దగ్గర వెల్డింగ్ గీతతో ఉంటే అది బాంజో హౌసింగ్. అందులో క్రౌన్, పినియన్ (క్రౌన్‌ను తిప్పే చిన్న గేరు) రెండూ ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ వైపు నుంచి శక్తిని వెనక్కి తెచ్చే కడ్డీ) వైపు నుంచి ఒకే ముద్దగా బయటికి వస్తాయి. వెనకవైపు విప్పడానికి ఏమీ ఉండదు. టయోటా హైలక్స్ వెనక ఆక్సిల్ ఇలాంటిదే. మన రోడ్ల మీద లారీల నుంచి చిన్న సరుకు బళ్ల దాకా ఈ రకం మామూలుగా కనిపిస్తుంది.

వీడియోల్లో చూసే అమెరికన్ ఫోర్డ్, షెవ్రోలే, రామ్ పికప్‌లకు బోల్టుల కవర్ ఉంటుంది. అందుకే అక్కడ ఈ భాగానికి అంత గిరాకీ. పాత జీపుల్లో కనిపించే డానా 44 రకం ఆక్సిల్‌కీ 10 బోల్టుల కవర్ ఉంటుంది. అలాగని బోల్టుల లెక్క కుదిరిందని కొనేయకండి. పాత ప్యాకింగ్‌ను కొత్త కవర్ మీద పరిచి, రంధ్రాలన్నీ కలిశాయో లేదో చూశాకే డబ్బు ఇవ్వండి.

అపోహ: కవర్ అంటే ఒట్టి మూత, ఆకారం ఎలా ఉంటేనేం?

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఈ మాటే. డిఫరెన్షియల్‌లో ఆయిల్ పంపు ఉండదు. క్రౌన్ వీల్ కింది భాగం ఆయిల్‌లో మునిగి ఉంటుంది. బండి ముందుకు కదిలినప్పుడు క్రౌన్ ఆ ఆయిల్‌ను కిందనుంచి వెనక్కి, వెనకనుంచి పైకి ఎత్తి, పైనుంచి ముందుకు విసురుతుంది. ముందు ఏముంది? పినియన్, దాని రెండు బేరింగ్‌లు. హౌసింగ్ లోపల పైభాగంలో ఒక కాలువ ఉంటుంది. విసిరిన ఆయిల్ అందులో పడి బేరింగ్‌ల మధ్యకు చేరుతుంది. కంపెనీ ఇచ్చిన కవర్ లోపలివైపు క్రౌన్ గుండ్రాన్ని అనుసరించి వంపు తిరిగి ఉండేది ఇందుకే. ఆయిల్ ఆ వంపు పట్టుకుని పైకి పోవాలి.

బజారులో అందంగా కనిపించే కొన్ని కవర్లు లోపల చదునుగా, పెట్టెలా ఉంటాయి. ఆయిల్ వేగంగా వెళ్లి ఆ గోడకు కొట్టుకుని చెల్లాచెదురవుతుంది, మజ్జిగ చిలికినట్టు నురగ కడుతుంది. నురగలో ఉన్నది గాలి. గాలి గేరు పళ్లను కాపాడలేదు, వేడినీ లాగలేదు. గేల్ బ్యాంక్స్ అనే అమెరికన్ నిపుణుడు తన సంస్థలో పరీక్షలు చేసి, చదును కవర్లలో ఈ గందరగోళం ఎలా ఉంటుందో వీడియోల్లో చూపించారు. ఆయన కూడా కవర్లు అమ్ముతారు కాబట్టి ఆయన మాటను ఆ జాగ్రత్తతోనే వినాలి. కానీ ఆయిల్ వంపు వెంబడి పోతుందన్నది ఏ క్రౌన్ విప్పినా మనకే అర్థమవుతుంది.

మన ప్రాంతానికి ఇది ఇంకా ముఖ్యం. అరకు వెళ్లే దారిలో అనంతగిరి ఘాట్ లోడుతో ఎక్కుతున్నప్పుడు బండి ముక్కు పైకి లేస్తుంది. కింద ఉన్న ఆయిల్ వెనక్కి జారుతుంది, పినియన్ ఆయిల్ మట్టానికి ఇంకా ఎత్తున పడుతుంది. ఆ సమయంలో పినియన్ బేరింగ్‌లకు క్రౌన్ విసిరే ఆయిలే దిక్కు. లోడు పడేదీ అప్పుడే, వేడి పుట్టేదీ అప్పుడే. అక్కడ ఆయిల్ దారి చెడగొట్టే కవర్ ఎంత ఖరీదైనదైనా నేను వేయను.

కొనేటప్పుడు కవర్‌ను తిరగేసి లోపలివైపు చూడండి. పాత కవర్ పక్కన పెట్టి పోల్చండి. లోపల వంపు దాదాపు అలాగే ఉంటే మాట్లాడదాం.

అపోహ: ఫిన్లు (పలచటి రెక్కలు) ఉన్న అల్యూమినియం కవర్ వేస్తే డిఫరెన్షియల్ చల్లగా ఉంటుంది.

ఉక్కుకన్నా అల్యూమినియం వేడిని బాగా లాగుతుంది, నిజమే. కానీ ఇక్కడ అడ్డు లోహం దగ్గర కాదు, లోహం నుంచి గాలికి వేడి పోయే దగ్గర. ఆక్సిల్ వేడి హౌసింగ్ మొత్తం నుంచి, రెండు పక్కల గొట్టాల నుంచి బయటికి పోతుంది. కవర్ అందులో చిన్న భాగం, పైగా హౌసింగ్ వెనక దాక్కుని ఉంటుంది, ఎదురుగాలి సూటిగా తగలదు. ఒక వానాకాలం తిరిగితే ఫిన్ల మధ్య బురద గట్టిపడిపోతుంది.

లోతైన కవర్‌లో ఎక్కువ ఆయిల్ పడితే వేడెక్కడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఘాట్ ఎక్కి దిగే చిన్న ప్రయాణంలో ఆ లాభం కొంత ఉంటుంది. లోడుతో రాయ్‌పూర్ దాకా గంటల తరబడి నడిపితే మాత్రం, పుట్టే వేడి అంతే కాబట్టి చివరికి దాదాపు అదే ఉష్ణోగ్రతకు చేరుతుంది.

అపోహ: ఆయిల్ ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిది, ఎంత చిక్కనిదైతే అంత మంచిది.

ఫిల్లర్ రంధ్రం (ఆయిల్ పోసే రంధ్రం) అంచుదాకా అన్నది మామూలు లెక్క, మీ బండి మాన్యువల్ వేరే చెబితే అదే ఖాయం. కొన్ని కొత్త కవర్లలో ఫిల్లర్ రంధ్రం పాతదానికన్నా ఎత్తులో ఉంటుంది. దాని అంచుదాకా పోస్తే క్రౌన్ అవసరానికి మించి మునుగుతుంది, ఆయిల్‌ను చిలకడానికే శక్తి ఖర్చవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ (ఆక్సిల్ లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి) గుండా కక్కుతుంది, లేదా హబ్ సీల్ దాటి బ్రేక్ డ్రమ్ములోకి పోతుంది. ఆయిల్‌తో తడిసిన బ్రేక్ లైనర్లతో ఘాట్ దిగడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

హైపాయిడ్ క్రౌన్‌కి జీఎల్-5 రకం ఆయిల్ కావాలి. చిక్కదనం 80డబ్ల్యూ-90 అవునా, 85డబ్ల్యూ-140 అవునా అన్నది మాన్యువల్ చెప్పాలి, డబ్బా అమ్మేవాడు కాదు. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం మాత్రమే జారి తిరిగిపోకుండా ఆపే ఏర్పాటు) ఉన్న ఆక్సిల్ అయితే దానికి తగిన ఆయిలే పోయాలి.

అపోహ: కవర్ అంచుకు లీకు రాకుండా పూసే పేస్ట్ దండిగా పూస్తే జన్మలో లీకు రాదు.

లీకు పేస్ట్ తక్కువై రావడం నేను చూసింది తక్కువ. శుభ్రం సరిగ్గా చేయక వచ్చిందే ఎక్కువ.

మొదట ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోవాలి. ఆయిల్ అంతా దించేశాక అది తుప్పుపట్టి కదలకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. తర్వాత కింది బోల్టులు తీసి, పైన రెండు మాత్రం వదులు చేసి ఉంచి, కవర్ కింది అంచును నెమ్మదిగా తెరవాలి. ఆయిల్ ట్రేలోకి దిగుతుంది, కవర్ మొహం మీద పడదు. హౌసింగ్ మీద పాత పేస్ట్‌ను ప్లాస్టిక్ లేదా ఇత్తడి పలకతో గీకాలి. తొందరలో గ్రైండర్‌కి ఎమరీ డిస్క్ తగిలించి తిప్పేవాళ్లున్నారు. దయచేసి మీ బండికి అలా చేయనివ్వకండి. ఆ రాపిడి పొడి బేరింగ్‌లోకి పోతే కొత్త కవర్ ఖర్చు కన్నా పెద్ద ఖర్చు పడుతుంది. గీకాక బ్రేక్ క్లీనర్‌తో హౌసింగ్, కవర్ ఒకదానికొకటి ఆనే రెండు అంచులూ తుడవాలి. తెల్లగుడ్డ మీద మరక పడనంత శుభ్రంగా తుడవాలి.

పేస్ట్ గీత సన్నగా, సుమారు 3 మిల్లీమీటర్లు, ఎక్కడా తెగకుండా, బోల్టు రంధ్రాలకు లోపలి పక్కగా చుట్టూ రావాలి. దండిగా పూసింది లోపలికి పిండుకుని, ముక్కలై రాలి, నేను పైన చెప్పిన ఆయిల్ కాలువకు అడ్డం పడుతుంది. సిలికాన్ పేస్ట్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. మన విశాఖ గాలిలో తేమకు కొదవ లేదు, కాబట్టి పైపొర త్వరగా కడుతుంది. పూసి టీకి వెళ్లకూడదు. కవర్ పెట్టి, బోల్టులు ఎదురెదురుగా బిగించుకుంటూ రావాలి. 8 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 25 న్యూటన్ మీటర్ల దగ్గర సరిపోతుంది, ఖచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఆ రాత్రికి వదిలేసి మర్నాడు ఆయిల్ పోస్తే నిశ్చింత. తయారీదారు గట్టి ప్యాకింగ్ ఇచ్చి పేస్ట్ వద్దంటే, వద్దనే అర్థం.

బిగించే ముందు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. పాత కవర్ లోపల అయస్కాంతం అతికించి ఉంటే కొత్తదానికీ ఉందో లేదో చూడాలి. లేకపోతే ఇనుప రజను ఆయిల్‌లో తిరుగుతూనే ఉంటుంది. బ్రేక్ పైపు క్లిప్పు కవర్ బోల్టుకే ఉంటే దానికి చోటు ఉండాలి. మందపాటి కవర్‌కి పొడవు బోల్టులు కావాలి, మరీ పొడవైతే రంధ్రం అడుగుకు తగిలి, బిగిసినట్టు అనిపిస్తూనే కవర్ వదులుగా ఉంటుంది. పేస్ట్ పూయకముందే కవర్‌ను ఉత్తగా పెట్టి, రెండు చక్రాలూ లేపి చేత్తో తిప్పి, క్రౌన్ ఎక్కడైనా తగులుతోందా వినాలి. చివరిగా స్టెప్నీ. పికప్‌లో అది చాలాసార్లు ఆక్సిల్ వెనకే కింద వేలాడుతుంది. ఖాళీ బండికి సందు కనిపించినా, లోడు పడి ఆక్సిల్ పైకి వచ్చాక లోతైన కవర్ దానికి తగలొచ్చు.

అపోహ: సముద్రం గాలికి స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తే తుప్పు సమస్యే ఉండదు.

బోల్టు తుప్పు పట్టదు, నిజం. కానీ ఉప్పు తడిలో స్టెయిన్‌లెస్, అల్యూమినియం ఒకదానికొకటి ఆనితే అల్యూమినియం తినేయబడుతుంది. హార్బర్ బళ్లలో చేపల ట్రేల ఉప్పునీరు నేరుగా ఆక్సిల్ మీద కారుతుంది. బోల్టు తల చుట్టూ తెల్లపొడి కనిపిస్తే అదే సంగతి. బోల్టు పట్టేయకుండా యాంటీ సీజ్ గ్రీజు రాసి, వాషర్ వేసి, వారానికోసారి మంచినీళ్లతో కింద కడిగించండి. అలాంటి బండికి మంచి పెయింటు ఉన్న ఉక్కు కవరే నా ఓటు.

అపోహ: వెనకనుంచి కూత వస్తోంది, కవర్ మారిస్తే పోతుంది.

పోదు. కూత బేరింగ్ అరిగినా, క్రౌన్-పినియన్ సందు తేడా వచ్చినా వస్తుంది. కవర్ విప్పినప్పుడు ఆ సందును డయల్ గేజ్‌తో కొలిపించుకోండి, అసలు జబ్బు అక్కడ తెలుస్తుంది. అలాగే మందపాటి కవర్ వేస్తే క్రౌన్ పళ్లు విరగవన్నదీ కుదరదు. పళ్లు ఓవర్‌లోడుకి, బురదలో చక్రం తిరిగి ఒక్కసారి పట్టు దొరికినప్పుడు పడే దెబ్బకి, ఆయిల్ లేకపోవడానికి విరుగుతాయి. గట్టి కవర్ కాపాడేది బయటినుంచి తగిలే రాయి దెబ్బ నుంచే. మన్యంలో రాళ్ల దారుల్లో తిరిగే బండికి అది మంచి కారణం, అలాంటివాళ్లకు నేనే వేయించుకోమంటాను.

బిగించాక మొదటి 500 కిలోమీటర్లకు ఒకసారి బండిని చదునైన చోట ఆపి, చల్లారాక మట్టం చూడండి. బ్రీదర్ మూసుకుపోలేదని వేలితో కదిపి చూడండి. వాన నీటిలో అండర్ బ్రిడ్జి దాటాల్సి వచ్చి ఆక్సిల్ మునిగితే, ఆ వారంలోనే ప్లగ్ తీసి ఆయిల్ రంగు చూడండి. వేడి ఆక్సిల్ ఒక్కసారిగా చల్లబడినప్పుడు నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ తెల్లబారి ఉంటే, నిన్ననే మార్చినా సరే, మళ్లీ మార్చాల్సిందే.